‘నాపరాయి’ ఆల్బమ్‌లో ఆఖరి నాలుగు నిమిషాలు

మా అవ్వ ఊరి బయట చింతచెట్టు కింద నుంచి పోయేటప్పుడు దయ్యం దగ్గరికి రాకుండా చెప్పు తీసి చేతిలో పట్టుకునేది. నేను అదే చెట్టు కింద కూర్చుని బీడీలు కాల్చినవాణ్ణి. కర్నూలు వన్‌టౌన్‌లో మాది ఇనుప సామాను అంగడి. తూకానికి రానిది ఏదైనా మా ఇంట్లో లేనట్టే. ఎవరైనా గాలి, ధూళి అని మొదలుపెడితే నాకు ఆవులింతలు వచ్చేవి. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అయినా ఇది రాయక తప్పడం లేదు.

సీడీలు ఇంకా అమ్ముడుపోతున్న రోజులవి. నేను కీబోర్డు, నా స్నేహితుడు బాషా డ్రమ్స్. ఇద్దరమే. గిటారు లేదు, పాడేవాడు లేడు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఏళ్ళ తరబడి సినిమా పాటలు వాయించి విసుగెత్తి, మాదంటూ ఒక ఆల్బమ్ చేద్దామని కూర్చున్నాం. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు ఆ రకాన్ని. ఒక్కో ముక్క పది పన్నెండు నిమిషాలుంటుంది, నడకలు మధ్యలో మారిపోతుంటాయి. మా నాయన ఒకటి ఓపికగా విని, “పాట ఎప్పుడు మొదలైతాదిరా?” అని అడిగాడు. అప్పటికి అది అయిపోయింది.

బాషా పగలు కల్లూరులో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. యజమాని మంచివాడు, వెనక ఖాళీ గది వాడుకోమన్నాడు. గోడలూ నేలా అన్నీ నాపబండలే. ఆల్బమ్‌కు ‘నాపరాయి’ అని పేరు పెట్టింది అందుకే. చుట్టూ ఎప్పుడూ కోత మిషన్ల రొద. కాబట్టి అందరూ మిషన్లు ఆపి సంగటి తినే ఆ ఒక్క గంటలోనే మా రికార్డింగ్. బాషా పని ముగిశాక తినేవాడు.

సగం ఆల్బమ్ అయ్యేసరికి వాడికి డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్ళెం, సింబల్, శబ్దం వినిపించడం మానేసింది. చెవుల నరాలు దెబ్బతిన్నాయని, ఏడాది తిరిగేలోపు రెండు చెవులూ పోతాయని డాక్టరు చెప్పాడు. బాషా ఏడవలేదు. “అంతలోపల అయిపోగొడదాం సీనా. నా చెవులతో నేను ఒక్కతూరి మొత్తం వినాల” అన్నాడు. ఆ రోజు నుంచి మాకు వేరే ధ్యాస లేదు.

అప్పటి నుంచి వాడు వీపును నా స్పీకర్ పెట్టెకు ఆనించి కూర్చుని వాయించేవాడు. చెవికి అందనిది వీపుకు అందేది. అలా కూర్చుంటే వాడి ముఖం గోడ వైపు, వీపు నా వైపు.

ఏడు ముక్కల్లో ఆరు అయ్యాయి. ఏడోదాని నడక బాషా వాళ్ళ అమ్మ ఊరు కోయిలకుంట్లలో జరిగే పీర్ల పండగది. గుండం చుట్టూ తిరిగేటప్పుడు కొట్టే దెబ్బ. ఎత్తడం బాగానే ఎత్తాం, దించి ముగించడం ఎలాగో తెలియలేదు. మూడు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. ఏం వాయించినా అతుకు వేసినట్టే ఉండేది. అవతల బాషా చెవులు వారం వారం మందగిస్తున్నాయి. నాకు నిజంగా భయం పట్టుకుంది.

ఎండాకాలం. నెల మారింది, కరెంటు కోత వేళలు మారాయి, మేము చూసుకోలేదు. పొద్దుటి కోత మధ్యాహ్నానికి వచ్చింది. ఏడో ముక్క సగం దాటాం. ఫ్యాను ఆగింది, రికార్డు చేసే కంప్యూటరు ఆరిపోయింది, నా కీబోర్డు మూగబోయింది. చేతులు తీసేశాను.

బాషా ఆపలేదు.

పిలవబోయి ఆగిపోయాను. శబ్దం ఆగిందని కూడా తెలియనంతగా వాడి చెవులు పోయాయి కాబోలు అనుకున్నాను. ఆ మాట ఏ నోటితో చెప్పను? చేతులు కట్టుకుని వాడి వీపు చూస్తూ నిలబడ్డాను. ఏడ్చాను కూడా. గదిలో డ్రమ్స్ తప్ప ఇంకో శబ్దం లేదు. నా చెవులు బాగున్నాయి, ఒట్టేసి చెప్పగలను.

నాలుగు నిమిషాల తర్వాత మెల్లగా దించి, ఆపి, వెనక్కి తిరిగాడు. మొహమంతా చెమట, నవ్వు. “దొరికిచ్చినావు గదప్పా. శానా బాగుండాది” అన్నాడు. కరెంటు లేదని చెప్పబోయి, ఆ నవ్వు చూసి కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికి పోయి వినడానికని కిటికీలో ఒక చిన్న టేప్ రికార్డర్ పెట్టుకునేవాళ్ళం. సెల్లులతో నడిచేది. అది తిరుగుతూనే ఉంది. బాషానే వెనక్కి తిప్పి, చెవికి ఆనించుకుని, తల ఊపుతూ విన్నాడు. తర్వాత నా చేతికిచ్చాడు.

అందులో కీబోర్డు ఉంది. ఫ్యాను ఆగిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత కూడా కీబోర్డు ఒక్క క్షణం తెగలేదు. అవి నేను ఎన్నడూ అనుకోని స్వరాలు. కింది స్వరాలు ఒక్కో మెట్టే దిగుతూ పోయి, గుండంలో నిప్పులు ఆరినట్టు ఆరాయి. నాకు భయం వేయలేదు. చేతులు జోడించాలనిపించింది.

తర్వాత అన్నీ పరిశీలించాను. కీబోర్డు అడుగున సెల్లుల అర ఖాళీగా ఉంది, స్ప్రింగులు తుప్పు పట్టాయి. క్యాసెట్ కొత్తది, ఆ పొద్దున నేనే కవరు చింపాను. మేము గది విడిచి వచ్చేదాకా కరెంటు రాలేదు. సీడీ చేసిన హైదరాబాదు ఇంజినీరు, ఆ ముక్క మళ్ళీ వాయించి పంపమన్నాడు. వాయించాను. స్వరాలు అవే, వరస అదే, కానీ ప్రాణం లేదు. చివరికి క్యాసెట్‌లోదే గరగరతో సహా పెట్టాం. అట్ట మీద కీబోర్డు అని నా పేరే ఉంది.

సీడీ వచ్చిన రోజు బాషా మొత్తం విన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే చెవులు పూర్తిగా పోయాయి. ఇప్పుడు ఏదైనా కాగితం మీద రాసి చూపించాలి. ఇంటికి ఎవరొచ్చినా మా సీనా కట్టిన ముగింపు అని చెప్పి మురిసిపోతాడు. నేను తల దించుకుంటాను. అందరూ అణకువ అనుకుంటారు.

ఇన్నేళ్ళలో వాడికి చెప్పడానికి నోరు రాలేదు. కాగితం ముందు పెట్టుకుని కూడా రాయలేకపోయాను. ఇది అచ్చయితే వాడు చదువుతాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బాషా, ఆ పొద్దు నేను వాయించలేదు. నీ ఎనక చేతులు కట్టుకోని, నీ చెవులు పోయినాయని ఏడుస్తాంటి. ఆ గదిలో వినపడనిది నీకు గాదు, నాకు. వాయించింది ఎవరో నాకు ఈ పొద్దుటికీ తెలీదప్పా. నీకేమన్నా తెలిస్తే చెప్పు.