మా ఇంటి చీమలు, మా వదిన

మా వదిన పోయిందన్న కబురు మొదట నాకే వచ్చింది. కర్నూలు దవాఖాన నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అత్తా, మామ మగ్గం మీదున్నడా? జర నువ్వే మెల్లగ చెప్పు. అమ్మ పోయింది" అన్నాడు. దుఃఖం కన్నా ముందు నాకు వచ్చిన ఆలోచన ఏమిటో చెప్తే మీరు తిట్టుకుంటారు. పెండ్లయి గద్వాలకు వచ్చిన నాటి నుంచి ఆమె సంగతి ఏదైనా ముందు మా ఆయనకు తెలిసేది, ఆయన చెప్తే నాకు తెలిసేది. ఆమె కబురు ఆయన కన్నా ముందు నా చెవిన పడటం అదే మొదటిసారి. ఈ మాట అనుకున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. మా వీధిలోనే రెండిళ్ల అవతల ఆమె ఇల్లు. సొంత మొగుడు, సొంత పిల్లలు, సొంత మగ్గం, అన్నీ ఉన్నాయి. అయినా తెల్లవారేసరికి మా ఇంట్లో ఉండేది. వీధిలో అందరికీ ఆమె 'చీమల అక్క'. ఎవరింట్లో చీమలు పట్టినా ఆమెకే పిలుపు. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు వీధి పట్టనంత జనం. ఇటిక్యాల నుంచి కూడా ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని, ఆ ఏడుపుల మధ్య కూర్చుని తలలు లెక్కపెట్టాను. చచ్చినోని కండ్లు చారెడు అంటారు. మా వదినకు బతికున్నప్పుడే చారెడు.

నా పుట్టిల్లు బిజినేపల్లి. మా నాయనది కిరాణం కొట్టు, మగ్గం మొహం ఎరుగను. ఇక్కడేమో గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, తొక్కుడు కట్టెలు తొక్కుతూ నేస్తారు. పడుగు దారాలకు గంజి పెడతాం కదా, చీమలకు అది విందు. గుంట మూలల్లో ఎర్రచీమలు చేరితే నేసేవాడి పాదాలు పొంగిపోతాయి. పాదం ఆడకపోతే చీర ఆడదు, చీర ఆడకపోతే పొయ్యి వెలగదు.

కొత్త కాపురంలో ఒక పొద్దున లేచి చూస్తే వదిన మా గుంట దగ్గర చీపురు పట్టుకుని వంగి ఉంది. "నేను ఊడుస్త, ఇటియ్యి వదినె" అన్నాను. "నీకు తెల్వదు పిల్లా. నువ్ పోయి చాయ్ పెట్టు" అంది. పెట్టాను. ఇద్దరూ తాగారు. నా కడుపులో మంట మాత్రం ఆ పొద్దునే అంటుకుంది. మొగుడి కాళ్లు చూసుకోవాల్సింది పెండ్లామా, అక్కనా? మీరే చెప్పండి.

ఆమెకు తెలుసు, అది కాదనను. చీమను చూస్తే దాని కులగోత్రాలు చెప్పేది. దారీ తెన్నూ లేకుండా ఉరికే నల్లచీమలను చూసి, "గివి పిచ్చియి. కుట్టయి. చీపురు చూపెడితే పోతయి" అని నవ్వేది. ఏవో అర్థం కాకపోతే కాగితం మీద ఇంత బెల్లం ముక్క, పక్కనే దంచిన పల్లీ పెట్టి, గోడకు ఆనుకుని కూర్చునేది. "ఏం తింటదో చూస్తే గది ఏ చీమనో తెలుస్తది. మనుషులైనా గంతే" అనేది. చీమల ముందు ఆమెకున్న ఓపిక నాకు నా పిల్లల ముందు కూడా ఉండేది కాదు.

ఒకసారి మా చక్కెర డబ్బాకు చలిచీమలు పట్టాయి. పసుపుపచ్చగా, కంటికి ఆననంత సన్నవి. మా ఆయన బజారుకు పోయి కొట్టే మందు తెచ్చి, డబ్బా తీయించి, ఆ వరుస మీద గుప్పించాడు. ఆ రోజుకు పోయాయి. వారం తిరక్కముందే వంటింట్లో ఒక వరుస, స్నానాల గదిలో ఒకటి, దేవుని గూట్లో ఇంకొకటి. వదిన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మందు కొడితే గవి చస్తయారా? బెదిరిపోయి వేరు పడ్తయి, అన్నదమ్ముల లెక్క. ఇప్పుడు సూడు, మూడిండ్లయినయి."

తర్వాత బెల్లం నీళ్లలో క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు చిటికెడు కలిపి, దూది ముంచి, పిల్లల చేతికి అందని చోట ఆ వరుసల పక్కన పెట్టింది. చీమలు దూది చుట్టూ మూగితే నేను చీపురు తీశాను. చెయ్యి పట్టుకుంది. "ఆగు పిల్లా. తిననియ్యి, మోసుకపోనియ్యి. ఈడికొచ్చింది కూలికొచ్చిన చీమ. లోపల కూసున్న రాణికి ముట్టాలె." కొన్నాళ్లకు వరుసలు పలచబడి, ఆఖరుకు కనిపించకుండా పోయాయి. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన, "మా అక్క లేకుంటే ఈ ఇంటిని చీమలే ఎత్తుకపోతుండె" అన్నాడు. ఆ అన్నం వండింది నేను. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది గండుచీమలప్పుడు. మగ్గం గుంజ దగ్గర లావుపాటి నల్లచీమలు తిరుగుతున్నాయని ఆయనకు ముందు చెప్పింది నేను. "ఊకోవే. చీమలు తిరగక ఏనుగులు తిరుగుతయా?" అన్నాడు. మర్నాడు వదిన చూసింది. "గండుచీమ కనబడితే చీమను సూడొద్దురా, కట్టెను సూడు" అంది. అంతే, ఆయన పరుగెత్తి కత్తి తెచ్చి గుంజను గీకాడు. పైకప్పు నుంచి నీళ్లు కారి లోపలంతా మెత్తబడి ఉంది. ఇంకో వాన పడితే మగ్గం ఒరిగేదే. గుంజ మార్పించి, "మా అక్క కన్నే కన్ను" అని వీధంతా చాటాడు. ముందు చూసిన కళ్లు నావి! వదిన పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "నువ్వే ముందు సూసినవంట గద పిల్లా. మంచి కన్ను నీది" అంది. అది కూడా నాకు నచ్చలేదు. నన్ను మెచ్చుకునే పని కూడా ఆమెదేనా, నా మొగుడిది కాదా?

ఆమె దినాలు అయ్యాక ఆయన మళ్లీ మగ్గం మీద కూర్చున్నాడు. నాగర్‌కర్నూల్ వాళ్ల పెండ్లి చీర సగంలో ఆగి ఉంది, ముహూర్తం దగ్గర పడింది. కూర్చున్న కాసేపటికే కేక వేసి కాళ్లు పైకి లాక్కున్నాడు. ఎర్రచీమలు. పాదాల నిండా దద్దుర్లు. పాదాలు చేత్తో పట్టుకుని, గుమ్మం లోంచి రెండిళ్ల అవతలికి చూస్తూ ఉండిపోయాడు. నాకు జాలి కలగాలి. కలగలేదు. ఇంకా అటే చూస్తావా అని మండిపోయింది.

లేచి పల్లీలు దంచాను. పౌడరు కలుపుతుంటే ఆయన తల తిప్పాడు.

"అక్క బెల్లం గదనే పెట్టేది?"

"అది చలిచీమలకు. గివి ఎర్రయి, నూనె ఉన్నదే తింటయి."

"పౌడర్ గింతేనా?"

"ఎక్కువేస్తే ఈడనే చస్తయి. ఇంటికి మోసుకపోవాలె గద."

నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నీకెట్ల తెల్సే గివన్ని? అక్క నేర్పిందా?"

"నాకెవరు నేర్పిన్రు? సూసిన. నువ్వు మగ్గం సూసుకుంట కూసున్నవ్, నేను ఆమెను సూసుకుంట కూసున్న. నీ అక్క మీద నాకున్న కుళ్లుకు, ఆమె చెయ్యి ఎటు కదిలితే నా కండ్లు అటే పోయినయి."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కాటి దగ్గర కూడా కంటతడి పెట్టని మనిషి, దద్దుర్లు లేచిన కాళ్లు చాపుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. చాలాసేపటికి, "ఇంకేం చేసేదే అక్క? జర చెప్పు" అన్నాడు.

చెప్పాను. చీమల దారిని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి "వాసన పోతే తొవ్వ పోతది" అనేదని, కనిపెట్టి కూర్చున్నప్పుడు కాలి మెట్టె తిప్పుకునేదని, వరుస ఎక్కడికి పోతుందో దొరికితే చిన్నపిల్లలా నాలుక పండ్ల మధ్య పెట్టుకుని నవ్వేదని. ఇవేవీ ఆయనకు తెలియవు. నా మాట కోసం ఆయన అట్లా నోరు తెరుచుకుని కూర్చోవడం ఈ ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. రోజూ పొద్దున అక్క వచ్చి గుంట ఊడ్చి పోయేదని ఆయనకు తెలుసు. ఊడ్చాక ఏం చేసేదో తెలియదు. గాజులు పైకి తోసి, వట్టి చేతిని మోచేతి దాకా గుంటలోకి దించి మూలమూలా తడిమేది. సందుల్లో నక్కిన ఎర్రచీమలు దీపం పెట్టినా కనిపించవు, కదలిక తగిలితేనే పైకి వస్తాయి. వస్తే కుట్టేది ఆమెనే. వాచిన మణికట్టు మీద కొంగు కప్పుకుని ఇంటికి పోయేది. ఇది ఆయనకు చెప్తే బతికినన్నాళ్లూ ఆ చేతినే తల్చుకుంటూ ఉంటాడు. మళ్లీ నేను వెనక్కే. చెప్పను. మీకు చెప్పాను గానీ, మీరూ చెప్పకండి.

పల్లీల మందు పనిచేయాలంటే కొన్నాళ్లు పడుతుంది. పెండ్లి చీర అన్నాళ్లు ఆగదు. మర్నాడు ఆయన లేవకముందే గుంట ఊడ్చి, గాజులు తోసి చెయ్యి లోపలికి పెట్టాను. ఒక మూల నుంచి వచ్చి పట్టుకున్నాయి. అమ్మో, నిప్పు! నోట్లో కొంగు కుక్కుకుని మిగతా మూలలు కూడా తడిమాను. వచ్చినవాటిని దులిపి, తుడిచి లేచాను.

ఆయన మొహం కడుక్కుని వచ్చాడు. కిందికి చూడను కూడా చూడకుండా రెండు కాళ్లూ గుంటలోకి దించి కూర్చున్నాడు. నేను వంటింట్లో చల్లనీళ్ల గిన్నెలో చెయ్యి ముంచుకుని, మగ్గం చప్పుడు వింటూ కూర్చున్నాను.