మందుగుండు వైరు జుంకాలు

మొన్న మా మనవరాలు ఖమ్మంలో ఏదో ఎగ్జిబిషన్‌కు వెళ్లి, రంగురంగుల వైరు మెలిపెట్టి అల్లిన జుంకాలు కొనుక్కొచ్చి, ఇదంతా చేతిపని, పెద్ద ఆర్టు అని నాకే పాఠం చెప్పింది. నవ్వొచ్చింది, ఆ వెంటే భయమూ వేసింది. బొగ్గుగనుల పక్కన పెరిగిన నా ఈడు ఆడవాళ్లకైతే ఎందుకో చెప్పనక్కర్లేదు.

భద్రాచలం వెళ్లే అడవి దారి పక్కన, గని కార్మికుల కాలనీలో మా ఇల్లు. మా నాయన గనిలో మందుగుండు పెట్టి బొగ్గు పేల్చేవాడు. పేల్చాక, మందుగుండుకు కరెంటు పంపే వైరులో మిగిలిన ఎర్ర, పసుపు ముక్కలు టిఫిన్ డబ్బాలో వేసుకొచ్చేవాడు. కాలనీలో అందరూ ఇళ్లలో గుట్టుగా వాటితో బుట్టలల్లితే నేను నగలు చేసేదాన్ని. సంతలో దొరికే గిల్టు నగలు ఊరందరికీ ఒకటే రకం, నాకేమో పదిమంది పెట్టుకున్నది పెట్టుకోవాలంటే ఒళ్లుమంట. అయితే ఎనభైల్లో, అడవిలో అన్నలు తిరిగే ఆ రోజుల్లో, మందుగుండు వైరు గని దాటిందని తెలిస్తే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసుస్టేషన్ మెట్లూ ఎక్కాల్సిందే. ఇంట్లోనే పెట్టుకొమ్మని నాయన వందసార్లు చెప్పాడు. నేను వింటేగా.

పదో తరగతిలో బడి వార్షికోత్సవానికి మెడనిండా, చెవులనిండా అవే వేసుకుని నాట్యం చేశాను. బహుమతులిచ్చే ముఖ్య అతిథి గని మేనేజరుగారని అప్పటిదాకా నాకు తెలియదు. నాకు బహుమతి ఇస్తూ ఆయన నా చెవులవంకే చూసి, ఈ వైరు ఎక్కడిదని నెమ్మదిగా అడిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెత్తకుప్పలో దొరికిందన్నాను. ఏ చెత్తకుప్ప అన్నాడు. అప్పుడు వెనక వరుసలోంచి నాయన లేచి, భుజంమీది తువ్వాల చేతిలోకి తీసుకుని, "నేనే తెచ్చిన సార్. పేలినంక మిగిలిన ముక్కలు. పిల్లనేమనకుండ్రి" అన్నాడు.

మేనేజరు బహుమతి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మూడు రోజులు జీపు చప్పుడైతే చాలు అమ్మ గడప దగ్గరికి పరిగెత్తేది. నేను నగలన్నీ పొయ్యిలో వేసేశాను. నాలుగో రోజు నాయనను పిలిపించి, పోలీసులదాకా పోనీయకుండా, బొగ్గు ఎత్తే మజ్దూరు పనికి దించారు. రిటైరయ్యేదాకా ఆ పనే చేశాడు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారి మాత్రం అన్నం తింటూ, "గవి నీకు మస్తు మంచిగుండె బిడ్డా, ఎందుకు కాలవెట్టినవ్" అన్నాడు.

ఇప్పుడు ఆడపిల్లలు చెవులకు ఏం పెట్టుకున్నా ఎక్కడిదని ఎవరూ నిలదీయరు. మంచి కాలమే వచ్చింది, కాదనను. కానీ నాయన ఆ మాటన్నాకైనా, మామూలు దారంతోనైనా ఒక్క జత అల్లుకుని ఆయన కళ్లముందు తిరిగి ఉండాల్సింది. భయంతో అదీ చేయలేదు.