ఆవిడ పాస్‌వర్డు నాకు తెలియదు

ఈ మధ్య ఏ కొట్టుకెళ్ళినా బిల్లు కొట్టే ముందు ఫోన్ నంబరు చెప్పమంటున్నారు. కళ్ళజోళ్ళ షాపులో చెప్పాను, చెప్పుల షాపులో చెప్పాను. ఎందుకని అడిగే ఓపిక పోయింది. ఒకప్పుడు తిరువూరు మొత్తమ్మీద ఇలాంటి వాటి గురించి ఆలోచించిన మొట్టమొదటి మనిషిని నేనే. కంప్యూటర్లో ఉత్తరం రాస్తే ఎవరెవరు చదవగలరు, ఏ సర్వీసు మనుషుల గుట్టు దాస్తుంది, ఏది దాయదు అని నెలరోజులు పరిశోధన చేశాను.

నెలరోజులు కాదు, రెండు రోజులు. పరిశోధన అన్నది కూడా పెద్ద మాటే. అదెట్లా మొదలైందో చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే ఇది రాయడం దండగ.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయింది. నేను హైస్కూల్లో రిటైరై ఉన్నాను. ఊళ్ళో అందరూ మాస్టారు అంటారు గానీ నేను పాఠం చెప్పినవాణ్ణి కాదు, ఆఫీసు గదిలో గుమస్తాని. పాఠాలు చెప్పింది మా ఆవిడ, ఎలిమెంటరీ స్కూల్లో. ఆవిడకింకా రెండేళ్ళ సర్వీసుంది. ఆ ఏడు ఆవిడ ఒంట్లో ఒకచోట గడ్డ కనిపించింది. విజయవాడలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆవిడతో చిన్నప్పుడు చదువుకున్న స్నేహితురాలు హైదరాబాదులో డాక్టరు. రిపోర్టు తనే తెప్పించుకుని చూసి, ఏం చెయ్యాలో వివరంగా రాస్తానంది.

"ఎవరికీ తెలియకూడదు," అంది మా ఆవిడ. "ఏం చెయ్యాలో నేను తేల్చుకునేదాకా ఒక్కరికి కూడా."

అంతకు ముందేడు ఆవిడ స్కూల్లోనే ఒక టీచరమ్మకి జబ్బు చేస్తే ఊరు ఊరంతా పరామర్శకొచ్చింది. బత్తాయిల సంచీ పక్కన పెట్టి, మంచం దగ్గర కుర్చీ లాక్కుని, తమ చుట్టాల్లో ఆ జబ్బుతో ఎవరెవరు పోయారో చెప్పేవారు. చర్చి వాళ్ళొచ్చి ప్రార్థన చేశారు, ఇంకొకరు నెమలి ఊళ్ళో గుడికి వెళ్ళి ప్రసాదం తెచ్చారు. అందరూ మంచివాళ్ళే. ఆ టీచరమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. మా ఆవిడ అది చూసింది.

మా ఇంటి ఫోను పేరుకే మాది. వీధిలో పదిళ్ళ వాళ్ళు తమ చుట్టాలకి దాన్నే పీపీ నంబరుగా ఇచ్చుకున్నారు. ఫోను ముందుగదిలో ఉండేది, పిలుపు కోసం ఎవరో ఒకరు స్టూలు మీద కూర్చునే ఉండేవారు. ఉత్తరమంటే, మేం ఇంట్లో లేకపోతే పోస్ట్‌మన్ పక్కింట్లో ఇచ్చిపోతాడు. పక్కింటావిడ కవర్ని వెలుతురుకి ఎత్తి చూసే రకం. అందుకని డాక్టరు మెయిల్ పెడతానంది.

"బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ఉందిగా. మీరు రోజూ అక్కడే పడుంటారు," అంది మా ఆవిడ.

"అక్కడొద్దు."

"ఏం?"

"అక్కడ భద్రం కాదు."

"మీకెట్లా తెలుసు?"

"తెలుసు."

ముప్పయ్యేళ్ళు పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. చెప్పేశాను.

ఆ సెంటర్లో మూడు ప్లైవుడ్ గదులు, ముందొక కౌంటరు. నడిపే అతను మంచివాడు. ఊళ్ళో చాలామందికి మెయిల్ ఐడీ చేసిపెట్టింది అతనే. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు "నా పాస్‌వర్డేంటి బాబూ" అని అతన్నే అడిగేవారు. అందుకని పొడుగాటి నోటుబుక్కులో పేరూ, ఐడీ, పాస్‌వర్డూ వరసగా రాసి, దారం కట్టి మేకుకి వేలాడదీశాడు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఊరెళ్ళే మనుషులం, మాకెవరికీ అది తప్పుగా తోచలేదు. టీకి వెళ్తూ "మాస్టారూ, కాస్త చూస్తుండండి" అనేవాడు. నేను చూస్తుండేవాణ్ణి. నోటుబుక్కుని.

ఊరందరి ఉత్తరాలూ చదివానని గొప్ప చెప్పుకోవచ్చు. చదివింది ఒక్కాయనవే, మా వీధి చివర ఉండే బ్యాంకు ఉద్యోగివి, నాలుగు నెలలు. రహస్యాలేమీ లేవు, అంతా ట్రాన్స్‌ఫర్ల గోల. ఒకరోజు ఆయన్ని రెడ్డిగూడెం వేస్తున్నారని స్నేహితుడెవరో రాశాడు. మర్నాడు బస్టాండులో ఆయన ఎదురుపడితే నా నోరు ఊరుకోలేదు.

"రెడ్డిగూడెమైతే ఏముందండీ, మామిడి తోటలు. ఎండాకాలం మమ్మల్ని మర్చిపోకండి," అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. ఆ సంగతి ఆయన చెప్పింది ఒక్క భార్యకే. వారం తర్వాత ఆ అమ్మాయి మా స్టూలు మీద కూర్చుని వాళ్ళమ్మతో ఫోన్లో, "నేనెవరికీ చెప్పలేదమ్మా. ఆయన నమ్మట్లేదు. వారం నుంచి మాటల్లేవు," అని ఏడ్చింది. నేనక్కడే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లకి మంచినీళ్ళిచ్చింది మా ఆవిడే.

ఇదంతా విని "ఊ" అంది. "అయితే ఎక్కడ భద్రమో కూడా మీకే తెలియాలి. చూసి చెప్పండి," అంది. అరిచినా బాగుండేది.

తిరువూరు వద్దు, విస్సన్నపేట వెళ్దామన్నాను. అక్కడి సెంటర్లో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. నేను ముందుగా వెళ్ళి పదహారు సర్వీసులు పరిశీలించానని ఆవిడతో చెప్పాను. మూడు. ఒకటి ఇంటి అడ్రసు, జీతం, ఇష్టాయిష్టాలు అన్నీ అడిగింది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా అన్ని అడగరు. రెండోది మన పేరూ ఊరూ అందరికీ కనబడేలా జాబితాలో పెడతానంది. వద్దంటే టిక్కు తీసెయ్యాలి, ఆ టిక్కు ఎక్కడో అట్టడుగున. మూడోది తక్కువ అడిగింది, అదే ఖాయం చేశాను. దాని షరతులన్నీ చదివానని కూడా చెప్పాను. చదవలేదు. పేజీలకి పేజీలు ఇంగ్లీషు. అంగీకరిస్తున్నానన్న చోట నొక్కేశాను. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

తర్వాత ఇద్దరం కలిసి వెళ్ళాం. పాస్‌వర్డు మర్చిపోతే అడగడానికి ఒక ప్రశ్న ఉంది: మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరేమిటి అని. మా ఆవిడ నాకు మేనత్త కూతురు. వాళ్ళమ్మ పుట్టింటి పేరంటే మా ఇంటిపేరే. అది మా గేటు బోర్డు మీద రాసి ఉంది.

"నిజమే రాయాలని రూలుందా?" అంది.

"లేదు."

"అయితే మీరు లేవండి."

"ఏం?"

"పాస్‌వర్డు కూడా రాయాలిగా. బయట కూర్చోండి."

"నా దగ్గర కూడానా?"

"ముందు మీ దగ్గరే."

గుర్తుపెట్టుకో అనే టిక్కు తీసెయ్యమనీ, అయిపోయాక సైన్ ఔట్ నొక్కి మరీ లేవమనీ చెప్పి బయటికొచ్చాను. ఆవిడ ఒంటివేలితో టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. స్నేహితురాలికి రెండు ముక్కలు రాసి వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ నేను బయట బెంచీ మీద. గదికి అడ్డంగా వేసిన తెర కింద ఆవిడ చెప్పులు కనిపిస్తున్నాయి. చాలాసేపు కదల్లేదు. సంబంధం లేని వాళ్ళ ఉత్తరాలు నాలుగు నెలలు చదివినవాణ్ణి, ఆ ఒక్కటీ చదవలేకపోయాను. లేచి తెర దాకా వెళ్ళాను. వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

"ఏం రాసింది?" అన్నాను ఆవిడ రాగానే.

"బస్సొచ్చింది, పదండి."

తిరువూరు దగ్గరపడ్డాక కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. "సోమవారం హైదరాబాదు వెళ్దాం. ఏమిటన్నది అక్కడ చెప్తాను. ఈలోపు మీరు, మన స్టూలు మీద కూర్చుని ఏడ్చిన ఆ అమ్మాయి ఇంటికెళ్ళి రండి."

వెళ్ళాను. ఇద్దరి ముందూ చేతులు జోడించి క్షమించమన్నాను అని రాద్దామనుకున్నాను. గేటు కూడా దాటలేదు. "మీ ఆవిడ చెప్పలేదండీ. మీ మెయిల్ నేనే చూశాను," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ వయసులో ఇదేం పనండీ," అన్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తర్వాత వాళ్ళు రెడ్డిగూడెం వెళ్ళిపోయారు. మామిడికాయలు రాలేదు. నెట్ సెంటర్ అతనికీ చెప్పాను. నోటుబుక్కు మేకు మీంచి తీసి సొరుగులో పెట్టాడు. సొరుగుకి తాళం లేదు.

మా ఆవిడ రెండు నెలలు సెలవు పెట్టి, వైద్యం చేయించుకుని, మళ్ళీ స్కూలుకి వెళ్ళింది. ఎవరికి ఎంత చెప్పాలో అంతే, తనే చెప్పింది. మా ఇంటికి ఒక్క బత్తాయి కూడా రాలేదు.

ఇది రాసి ఆవిడకి చూపించాను. చూపించలేదు, బల్లమీద వదిలేస్తే ఆవిడే చూసింది. గడ్డ ఎక్కడో, ఏమని తేలిందో రాసిన ఆరు వాక్యాలూ ఎర్ర పెన్నుతో కొట్టేసి, మిగతాది మీ ఇష్టమంది. ఆ మెయిల్ ఇంకా ఉంచావా అని అడిగాను.

"ఉంటే ఉంది, లేకపోతే లేదు. మీకెందుకు," అని పెన్ను మూత పెట్టింది.