స్క్రూ మొన మీద మా ఇంటి గుర్తు

మా ఆరు సిలిండర్ల పాత జీపుని కార్బురేటర్ బాగుచేయమని నరసరావుపేటలో మెకానిక్ భాయ్‌కి ఇచ్చేటప్పుడు నాకు ఒకటే అనుమానం: లోపలి అసలు సామాను కొట్టేసి నకిలీది బిగిస్తాడని. అందుకే, మార్కెట్ యార్డుకెళ్లే మిరప బస్తాల మీద వేసినట్టే, ముందుగానే పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ విప్పి, దాని సన్నటి మొన మీద మేకుతో మా ఇంటి గుర్తు గీకి, మళ్లీ బిగించి మరీ ఇచ్చా.

భాయ్ రెండు రోజులు తంటాలు పడ్డా ఇంజను ఐడ్లింగ్‌లో నిలబడలా, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతా ఉంది.

"నా సామాను మార్చావా ఏంది?" అని గద్దించా.

భాయ్ స్క్రూ విప్పి నా అరచేతిలో పెట్టాడు. గుర్తు అట్టాగే ఉంది.

"ఈ మొన నున్నగా ఉంటేనే పెట్రోలు కొలతగా పోయిద్దన్నా. ఎవరో గీకి నాశనం చేశారు. నాకంటే ముందు ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"మాచర్లలో ఎవడో వెధవ" అన్నా.