కింద హాల్లో గోవింద్ అన్నయ్య చేసిన పని గది

నిన్న ఉదయం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మళ్ళీ నీళ్ళ ట్యాంకు గొడవేమో అనుకుని తెరవకుండా వదిలేశాను.

అరగంట తర్వాత మూడో అంతస్తు నుంచి వదిన ఏడుపు వినిపించింది. అప్పుడు చదివాను.

గోవింద్ అన్నయ్య లేరు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మొన్న సాయంత్రమే మెట్ల దగ్గర ఎదురయ్యారు. నేను ఫోన్‌లో ఉండి తల ఊపి వచ్చేశాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. చోడవరంలో ఇళ్ళకి ప్లాన్లు గీసే మనిషి. మా బిల్డింగ్‌లోనే ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు వరసకే ఆయన అన్నయ్య, ఆయన భార్య వదిన.

మా బిల్డింగ్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ళం ఐదుగురం. ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో, కాపురాలు చోడవరంలో. నేనైతే ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక పక్క కుక్కర్ విజిల్, ఇంకో పక్క అత్తయ్య సీరియల్.

కింద హాలు విరిగిన కుర్చీలతో ఊరికే పడి ఉండేది. దాన్ని మా ఐదుగురికీ పని గదిగా మారుద్దామన్నది ఆయనే.

"ముందు ఒక్కరోజు నువ్వు పని సేస్తంటే సూస్తాను సెల్లీ. తర్వాతే గీత గీస్తాను," అన్నారు.

నిజంగానే వచ్చి మా ఇంటి హాల్లో ఓ మూల కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. టేపుతో నా మోచేతి ఎత్తు కూడా కొలిచారు. అత్తయ్య రెండుసార్లు టీ ఇచ్చి, మూడోసారి వంటింట్లోకి వచ్చి "ఈ బాబుకి ఏరే పనేటీ లేదేటి" అని గొణిగింది.

ఆరోజు మేనేజర్ కాల్ వచ్చిన ప్రతిసారీ నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడాను. ఇంట్లో కాస్త నిశ్శబ్దంగా ఉండేది అదొక్కటే. ఆయన చూసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. నాకే సిగ్గేసింది.

వారం తర్వాత ప్లాన్ తెచ్చారు. అందులో అన్నిటికంటే ముందు గీసింది ఓ చిన్న కాల్ రూమ్. ఒక మనిషి, ఒక కుర్చీ, గట్టిగా మూసుకునే తలుపు.

మాట బయటికి పోకుండా దాని గోడలకి వేయడానికి ప్రతి ఫ్లాట్ తలుపూ తట్టి పాత బొంతలు అడిగి తెచ్చారు. మా అత్తయ్య తన పెళ్ళినాటి బొంత ఇచ్చింది. ఇక అక్కడి నుంచి అది నా ఆఫీసు కాదు, ఆవిడ ఆఫీసే. "నా బొంతుంది లోపల" అంటూ వారానికోసారి తనిఖీకి వచ్చేది.

రోడ్డు వైపు కిటికీలు మూసేసి వెనక వైపు తెరిపించారు. సీజన్‌లో చెరకు ట్రాక్టర్ల మోతకి మా మాట మాకే వినపడదు మరి. వీడియోలో మా వెనకాల ఎవరూ నడవకుండా కుర్చీల వీపులు గోడవైపు ఉండేలా టేబుళ్ళు వేయించారు.

తొమ్మిది నెలలు ఆ గదిలో రాజ్యమేలాం.

తర్వాత కొందరు ఆ హాలు ఫంక్షన్లకి కావాలన్నారు. సీమంతాలు, పుట్టినరోజులు ఎక్కడ చేసుకుంటాం అన్నారు. అదీ న్యాయమే. మీటింగ్ పెట్టారు.

ఇక్కడి నుంచి రాయడానికి మనసు రావడం లేదు. అయినా రాస్తాను.

సరిగ్గా ఆ టైముకే నాకు ఆఫీస్ కాల్. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెనక నిలబడ్డాను. రెండు పడవల మీద కాళ్ళు. మేనేజర్ ఏదో అడిగాడు, చుట్టూ ఒకటే గోల. "ఒక్క నిమిషం ఆగండి" అన్నట్టు చెయ్యెత్తాను.

అదే సమయంలో ప్రెసిడెంట్ గారు "గది తీసేద్దామన్నోళ్ళు సేతులెత్తండి" అన్నారట. నాకు వినపడలేదు. నా చెయ్యి కూడా లెక్కలోకి వెళ్ళిపోయింది.

ఒక్క చెయ్యి తేడాతో గది పోయింది.

కాల్ అయ్యాక నాకు సంగతి తెలిసింది. జనం ఇంకా అక్కడే ఉన్నారు. ఒక్క మాట చెబితే సరిపోయేది. మీటింగ్‌లో ఫోన్ పట్టుకుని నిలబడ్డావా అని నలుగురిలో అంటారని భయపడ్డాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

అన్నయ్య నా చెయ్యి చూశారు. ఆ చూపు నేను చూశాను.

ఆ ఆదివారం ఆయనే స్క్రూలు విప్పి, నేను కూర్చునే టేబుల్ మోసుకుని మా ఇంటికి వచ్చారు.

"ఇది నీ కొలతకి సేసిందే సెల్లీ. కిటికీ పక్కనెయ్యి, ఎలుగొస్తాది."

నిజం నోటిదాకా వచ్చింది. "టీ తాగుతారా అన్నయ్యా" అని మాత్రం అన్నాను.

కాల్స్ మళ్ళీ బాత్రూంలోంచే మాట్లాడుతున్నాను. ఎవరినని ఏం లాభం, చేతులారా చేసుకున్నదే.

నిన్న అంతా అయ్యాక వదిన పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

వదిన లేచి, ఆయన బల్ల మీంచి కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మా గదే. మళ్ళీ గీశారు. తలుపు ఇటు మార్చి ఒకటి. కిటికీ పెంచి ఒకటి. కాల్ రూమ్ పెద్దది చేసి ఇంకొకటి.

"నీ మీద ఒక్క మాటన్లేదమ్మా. ఆ సెల్లి గుంట కూడా వద్దందంటే గదిలోనే ఏదో తప్పు సేసేను, ఏటో తెలట్లేదు అనుకుంటా రోజూ గీసుకునేవోరు," అంది.

అన్నయ్యా, గదిలో ఏ తప్పూ లేదు.

ఈ మాట పదిమంది ముందు, మీరు వింటుండగా చెప్పాల్సింది. నన్ను క్షమించండి.

ఇక గీయకండి. ప్రశాంతంగా పడుకోండి.