గణుపుల లెక్క

శుక్రవారం సాయంత్రమైతే మా ఇంట్లోకి ఒక కాగితం దిగుతుంది. మా పాప రెండో తరగతి. ఆ కాగితంలో పది స్పెల్లింగులు, ఒక వరస ఫోనిక్స్ శబ్దాలు, ఇరవై లెక్కలు ఉంటాయి. సోమవారం పొద్దున బడిలో పరీక్ష. అడుగున పెద్దవాళ్ళ సంతకానికి ఒక గీత. పెద్దవాళ్ళు అంటే ఎవరో అందరికీ తెలుసు. ఆ గీత మీద మా ఆయన సంతకం ఇంతవరకు ఒక్కసారి కూడా పడలేదు. ఆయన పాత్రల అంగడి కట్టేసి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది.

నేను ఐరాల పక్క పల్లెలో తెలుగు మీడియంలో చదివాను. డిగ్రీ కూడా ఉంది, బీరువాలో. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడమంటే నోరు పెగలదు. మా కాలంలో బీ అంటే బీనే. ఇప్పుడు అలా అనకూడదట, పెదాలు బిగించి వదిలి 'బ్' అనాలట. తిరుపతికి కోడలిగా వచ్చిన పదేళ్ళకు, కుక్కరు చప్పుడు మాటున ఫోన్లో వీడియోలు పెట్టుకుని ఆ శబ్దాలన్నీ నేర్చుకున్నాను.

మా అత్త ఒకరోజు వంటింట్లోకి తొంగి చూసింది.

"ఏందిమే, నీలో నువ్వే బ్, క్ అంటా ఉండావు. ఒంట్లో బాగుండాదా?"

"నీ మనవరాలి సదువే అత్తా ఇది."

"దానికేలమ్మే ఇంత అగసాట్లు? ట్యూషన్‌కు పంపిస్తే పోదా?"

పంపనన్నాను. నా బిడ్డకు నేను చదువు చెప్పుకోలేనా అని నా రోషం. ఆ ఇంట్లో వంట అత్త చెప్పినట్టు, ఖర్చు ఆయన చెప్పినట్టు. శని, ఆదివారాల్లో చాప మీద పాపతో కూర్చునే ఆ గంట ఒక్కటే నేను చెప్పినట్టు. దాన్ని ఎవరికో అప్పజెప్పడం నాకు ఇష్టం లేదు.

స్పెల్లింగుల్లో, శబ్దాల్లో నేను పాప వెనకాలే నడిచాను. అది నన్ను దిద్దితే దిద్దించుకున్నాను. లెక్కల్లో మాత్రం నేనే ముందు. ఎందుకంటే లెక్కలు నాకు బడి ఇచ్చినవి కావు, మా నాయన ఇచ్చినవి.

నాయన బడి మొహం చూడలేదు. ఇప్పటికీ వేలిముద్రే. కానీ మా వైపు చెరకు ఆడే రోజుల్లో, గానుగ దగ్గర బెల్లం దిమ్మెలు ఎన్ని తేలాయో చెప్పాల్సింది ఆయనే. చెరకుకున్నట్టే వేలికీ గణుపులుంటాయి. వేలికి మూడు, నాలుగు వేళ్ళకు పన్నెండు. ఒక్కో దిమ్మెకు బొటనవేలు ఒక్కో గణుపు మీద ఆనిస్తూ పోతాడు. పన్నెండు నిండితే ఒక చింతగింజ ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుతుంది. నోరు ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటుంది, బొటనవేలు తన పని తాను చేసుకుపోతుంది. ఆయన లెక్క తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. నా చిన్నప్పుడు నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని, ఒక్కో గణుపూ నొక్కుతూ నాకూ నేర్పాడు.

నేను పాప చెయ్యి అలాగే పట్టుకున్నాను.

"నలభై ఏడుకు ఎనిమిది కలపాల. నలభై ఏడు మనసులో పెట్టుకో. చిటికెనవేలు కాడ నుంచి ఎనిమిది గణుపులు నడువు."

బొటనవేలు నడిచింది. నడిమి వేలి నడిమి గణుపు దగ్గర ఆగింది.

"యాభై ఐదు! మా, వచ్చేసింది!"

తీసివేతకు వెనక్కి నడవాలి. అదీ పట్టేసింది. ఆదివారం మధ్యాహ్నానికల్లా ఇరవై లెక్కలూ అయిపోయేవి, ఒక్కటీ తప్పేది కాదు. ఫోన్లో తాతకు చెప్పుకునేది. "మా అమ్మణ్ణి నా కన్నా బిరబిరా సెప్పేస్తా ఉండాదే" అని అవతల ఆయన పొంగిపోయేవాడు. ఆ రోజుల్లో నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు నెలలకు బడి నుంచి పిలుపు వచ్చింది. పాపనూ వెంట తీసుకుని వెళ్ళాను. క్లాసు టీచరు నాకంటే చిన్న పిల్ల. పరీక్ష కాగితాలు నా ముందు పరిచింది. జవాబులన్నీ సరిగ్గా ఉన్నాయి, మార్కులు సగమే ఉన్నాయి. పదులకు గీతలు, ఒకట్లకు చుక్కలు గీసి చేయాలట. గీత లేదు, చుక్క లేదు, ఉత్త జవాబు.

"చేతులు బల్ల కింద పెట్టుకుని ఏదో లెక్కపెడుతుందండీ. పక్క పిల్లలు నవ్వుతున్నారు. ఎవరు నేర్పించారండీ ఈ పల్లెటూరి పద్ధతి?"

కోపంగా అడగలేదు, నవ్వుతూనే అడిగింది. నా వెనక పిల్లల చిట్టి కుర్చీల్లో ఇరుక్కుని నలుగురైదుగురు తల్లులు తమ వంతు కోసం కూర్చున్నారు. అందులో ఒకామె తన కూతురితో గడగడా ఇంగ్లీషు మాట్లాడుతోంది. "నేనే నేర్పాను, జవాబులు తప్పా?" అని అడగాలి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఊళ్ళో వాళ్ళ తాత నేర్పించినాడు మేడమ్. ఆయనకు చదువు రాదు. వద్దని నేను చెప్తానే ఉంటాను."

మూడు మాటల్లో నడిమిది ఒక్కటే నిజం. దాన్నే అన్నిటికంటే నీచంగా వాడుకున్నాను.

"పర్లేదండీ, పెద్దవాళ్ళు అంతే" అంది టీచరు.

పాప తలెత్తి నన్ను చూసింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో చేతులు రెండూ పిడికిళ్ళు బిగించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిలో పాలకోవా కొనిపెట్టాను. తినేసింది. ఆ శుక్రవారం కాగితం ట్యూషన్‌కు పోయింది. మా అత్త ఎగతాళి చేయలేదు, అదే ఇంకా మంట. ఇప్పుడు నా పని గీత మీద సంతకం పెట్టడం వరకే.

పోయిన నెల నాయన వచ్చాడు. మనవరాలి కోసం గానుగ దగ్గర నిలబడి నిమ్మకాయంత బెల్లం ఉండలు చుట్టించి తెచ్చాడు. సంచి విప్పి చాప మీద పళ్ళెంలో పోసి, అరచెయ్యి చాపి పిలిచాడు.

"రా అమ్మణ్ణీ, ఎన్ని ఉండాయో ఎంచు సూస్తాం."

పాప చేతులు వెనక్కి దాచుకుంది.

"అట్ల ఎంచగూడదు తాతా. నీకు సదువు రాదంట కదా. నువ్వే నాకు తప్పు నేర్పించినావని అమ్మ మా మిస్సుతో చెప్పింది."

నేను వంటింటి గడప దగ్గర కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండేది. నాయన నా వైపు చూడలేదు. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"అవునమ్మణ్ణీ, నాకు సదువు యాడొస్తాది? మీ బడిలో ఎట్ల ఎంచుతారో నువ్వే నాకు నేర్పు."

పాపకు సంబరమైంది. నోటుబుక్కు తెచ్చి గీతలు, చుక్కలు గీస్తూ ఉండలు ఒక్కొక్కటే పక్కన పెట్టింది. నాయన రెండు చేతులూ తువ్వాలు కింద పెట్టుకుని, బుద్ధిగా వంగి చూస్తూ కూర్చున్నాడు.

"ముప్పై నాలుగు!"

ఎక్కడో రెండు చుక్కలు మరిచిపోయింది. ఉండలు ముప్పై ఆరు. గడప దగ్గర నా బొటనవేలు మూడు చుట్లు తిరిగింది కాబట్టి నాకు తెలుసు. నాయన తువ్వాలు కింద కూడా ఏదో కదులుతూనే ఉండడం చూశాను కాబట్టి ఆయనకూ తెలుసు.

"సరిపోయిందమ్మణ్ణీ" అన్నాడు నాయన.

నేను అప్పుడు కూడా నోరు తెరవలేదు.