నాన్న ఎత్తుకు కొలిచిన బల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుర్చీ అనేదే లేదు. బెంగాల్ రేవు పట్నంలో, ఏక్‌బాల్‌పూర్ పేటలో, డాక్ గోడ పక్క సందులో ఒకటే గది, దాని ముందు వంట చేసుకునే చిన్న వసారా. అమ్మ, నాన్న, నాన్నమ్మ, నేను, మా తమ్ముడు ఆ గదిలోనే ఉండేవాళ్లం. సందులో సగం ఇళ్లు మాలాగే శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చినవాళ్లవి. నాన్న ఓడల్లోంచి కలప దించే గ్యాంగులో పనిచేసేవాడు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే ఒళ్లంతా పచ్చి చెక్క వాసన వేసేది.

ఒకరోజు గొలుసు జారి ఒక మొద్దు ఆయన కాలి మీద పడింది. ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు. ఇంటికి వచ్చాక నేల మీద కూర్చోలేకపోయాడు. కూర్చుంటే పక్కకి ఒరిగిపోయేవాడు, లేపాలంటే ఇద్దరు పట్టాలి. అందుకని అమ్మ కంచం మంచం మీదకే ఇచ్చేది. అమ్మ, నేను, తమ్ముడు కింద తింటుంటే నాన్న మాకు వీపు పెట్టి, గోడకేసి చూస్తూ తినేవాడు. కొన్నాళ్లకి తినడమూ మానేశాడు. అన్నం ముద్దలు చేసి కిటికీలోంచి కాకులకి వేస్తుంటే నాన్నమ్మ చూసింది. మర్నాడు కొంగు నడుముకి దోపుకుని, నా చెయ్యి పట్టుకుని వడ్రంగి కొట్టుకి బయలుదేరింది.

ఆ వడ్రంగి ముసలి బెంగాలీ. అందరూ మిస్త్రీ దాదా అనేవారు. నాన్నమ్మకి బెంగాలీ సగమే వచ్చు, మిగతాది తెలుగులోనే చెప్పేసింది. "మావోడు కింద కూకోనేడు దాదా. అందుకే మేమే పైకి కూకుంతాం. ఇంటిల్లిపాదీ ఒక్క కాడ తినీలాగ బల్ల సెయ్యి" అంది. ఆయనకి ఎంత అర్థమైందో గానీ, ఆవిడ ముఖం చూసి చేతిలో ఉలి పక్కన పెట్టాడు.

కొలతలకి ఇంటికొచ్చినప్పుడు నాన్న ఆయనవైపు తిరగలేదు. మిస్త్రీ దాదా మంచం పక్కన నేల మీద కూర్చుని బీడీ ముట్టించి, ఏ చెక్క అయితే బాగుంటుందని అడిగాడు. బీడీ అయ్యాక మళ్లీ అదే అడిగాడు. ఈసారి నాన్న గోడవైపు తిరిగే, "అతుకుల బల్ల వొద్దు. ఒక్కటే పలక కావాల" అన్నాడు. వసారాలో అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి.

పలకని గ్యాంగువాళ్లే కలప అడితి నుంచి తెచ్చారు. అండమాన్ నుంచి వచ్చిన ఎర్ర కలప. ఒకపక్క అంచు వంకరగా ఉందని ఎవరూ కొనక మూలన పడేసినదట. నాన్న చంకకర్రల మీద కొట్టుదాకా వెళ్లి ఆ వంకర అంచుని చేత్తో నిమిరి, దాన్ని చెక్కొద్దు, చెట్టు ఎలా పెరిగిందో అలాగే ఉంచమన్నాడు. మిస్త్రీ దాదా నాన్నని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన మోచేతి ఎత్తుకి బల్ల ఎత్తు గుర్తు పెట్టుకున్నాడు. నాన్న కూర్చునే వైపు అడ్డకర్ర లేకుండా చేస్తానన్నాడు, మిగిలిన కాలు చాపుకోడానికి వీలుగా. అయితే చెక్క ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడే చేస్తే వంగిపోతుంది, వానలు వెళ్లాలి అన్నాడు. నాన్నకీ ఆ సంగతి తెలుసు. సరేనన్నాడు. ఆ రోజుల్లోనే మళ్లీ మాతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎవరు ఎటు కూర్చోవాలో తమ్ముడికి చెబుతుంటే వాడు నేల మీద సుద్దతో గీసేవాడు.

వానలు పట్టాక తీసేసిన కాలి గాయం మళ్లీ చీము పట్టింది. జ్వరం తగ్గలేదు. దసరా పూజ పందిళ్లకి వెదుర్లు పాతుతున్న రోజుల్లో నాన్న పోయాడు.

కర్మలయ్యాక మిస్త్రీ దాదా వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "మాసీమా, ఆ పలక ఇంకెవరికైనా ఇచ్చేస్తాను, మీరు దిగులు పడొద్దు" అని, నాన్నమ్మని పిన్నీ అన్నట్టు పిలుస్తూ, వచ్చీరాని హిందీలో చెప్పాడు. నాన్నమ్మ కళ్లు తుడుచుకోకుండానే, "సెయ్యి. కొలత మార్సకు" అంది.

చలికాలం మొదట్లో మా పెదనాన్న, పెద్దమ్మ ఊరి నుంచి వచ్చారు, మమ్మల్ని తీసుకుపోవడానికి. అమ్మ పెదనాన్న ఇంట్లో పని చూసుకుంటుంది, ఆడపిల్లనని నా బడి మాన్పించేస్తారు, తమ్ముణ్ణి ఎక్కడో పనిలో పెడతారు. ఇవన్నీ మా ముందే మాట్లాడుకున్నారు. అమ్మ తల ఎత్తలేదు. బయలుదేరాల్సిన రోజు పొద్దున్నే బల్ల వచ్చింది. గ్యాంగువాళ్లు నలుగురు భుజాల మీద మోసుకొచ్చారు. నాన్నని మోసినవాళ్లు కూడా ఆ నలుగురే. అది చూసి అమ్మ వసారాలో పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. పలక గుమ్మంలోంచి పట్టక తలుపు ఊడదీసి లోపలికి తెచ్చారు. మిస్త్రీ దాదా కాళ్లు బిగించి, తను చేసిన స్టూళ్లు చుట్టూ వేసి, పైన ఒకసారి గుడ్డతో తుడిచి వెళ్లిపోయాడు.

నాన్నమ్మ ఆ బల్ల మీదే అందరికీ కంచాలు పెట్టింది. ఆవిడ సంగతి ఇక్కడ చెప్పాలి. తాతయ్య పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఎవరితోనూ కలిసి తినలేదు. అందరి తిళ్లూ అయ్యాక పొయ్యి పక్కన ఒక్కతే తినేది. భర్త పోయినవాళ్లకి మావాళ్లలో అదే పద్ధతి. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ కూడా ఆవిడ పక్కన చేరింది. ఎవరూ చెప్పకుండానే.

పెదనాన్న వచ్చి అడ్డకర్ర లేని వైపు కూర్చోబోయాడు. నాన్నమ్మ ఆపింది. అమ్మని పిలిచి, "ఇక్కడ కూకో" అంది.

"నాను తరవాత తింతానత్తా" అంది అమ్మ వసారాలోంచే.

పెద్దమ్మ ఊరుకోలేకపోయింది. "మొగుడు పోయి ఏడాదైనా కానేదు, నలుగురి మద్దిన కూకుని తింతాదేటి? సూసినోలు ఏటంతారు?"

నాన్నమ్మ గొంతు పెంచలేదు. "నాను తిన్నానే, ఇన్నేళ్లూ పొయ్యి కాడ. ఎవులికి మేలయ్యింది? నా కొడుకు బతికేడేటి? నా కోడల్ని నానక్కడ కూకోబెట్టను" అంది. వసారాలోకి వెళ్లి అమ్మ రెక్క పట్టుకుని తెచ్చి నాన్న చోట కూర్చోబెట్టింది. తర్వాత తన కంచం కూడా తెచ్చుకుని ఆ పక్కనే కూర్చుంది. నాన్నమ్మ అందరి మధ్య తినడం నేను చూడ్డం అదే మొదలు. అమ్మ కంచంలో చెయ్యి పెట్టలేదు. కన్నీళ్లు అన్నంలో పడుతున్నాయి. నాన్నమ్మ ఆ అన్నం తన చేత్తో కలిపి, "తిను" అని మాత్రం అంది. అమ్మ తినేదాకా ఆవిడ కదల్లేదు.

పెదనాన్న ముట్టకుండా లేచిపోయాడు. మధ్యాహ్నం బండికి వాళ్లిద్దరే వెళ్లారు.

ఆ తర్వాత రోజులు మంచిగా గడిచాయని చెప్పలేను. అమ్మ పక్క పేట మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర్నుంచి బట్టలు తెచ్చి ఆ బల్ల మీదే బొత్తాలు కుట్టేది. కళ్లు దెబ్బతిన్నాయి. గంజితో సరిపెట్టుకున్న పూటలున్నాయి. ఊరివాళ్లు మాతో రాకపోకలు మానేశారు. నాన్నమ్మ పోయినప్పుడు కబురంపితే ఒక్కరూ రాలేదు. కానీ నేను బడి మానలేదు. మా ఇంట్లో ఎవరూ ఒంటరిగా తినలేదు.

ఇప్పుడు నేను నది అవతల లిలువాలో ఉంటున్నాను. నాన్నమ్మ అప్పటి వయసు నేనూ దాటాను. మావాళ్లలో ఎవరింట్లో చావు జరిగినా వెళ్తాను. నాకు ఓదార్చడం చేతకాదు. భోజనాల వేళ మాత్రం లోపలికి వెళ్లి, భర్త పోయిన మనిషి ఏ తలుపు చాటున నిలబడి ఉందో వెతుకుతాను. చెయ్యి పట్టుకుని తెచ్చి నలుగురి మధ్యలో కూర్చోబెడతాను. కొందరు ముఖం తిప్పుకుంటారు, ఒకళ్లిద్దరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను. ఆవిడ మొదటి ముద్ద మింగేదాకా నేను నా కంచంలో చెయ్యి పెట్టను.